వెళ్ళిపోయినవాళ్ళ ఫొటో ఎక్కడ?

డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలు తమ సభ్యుల కోసం వేసే పత్రికలు తిరగేస్తుంటే పెళ్ళి ఆల్బమ్ చూస్తున్నట్టు ఉంటుంది. భర్త సూటులో, భార్య పట్టుచీరలో, ఇద్దరి ముఖాల్లోనూ ఒకటే నవ్వు, కింద వాళ్ళు అందుకున్న హోదా. వీటిలో ఒకటైన ఆమ్వే పత్రికకు 'అమాగ్రామ్' అని పేరు. ఆ కంపెనీలో హోదాలన్నీ లోహాలూ రత్నాలే. సిల్వర్‌తో మొదలై గోల్డ్, ప్లాటినం, రూబీ, ఎమరాల్డ్ మీదుగా డైమండ్ దాకా, దాని పైన కిరీటం దాకా పోతాయి. మిగతా కంపెనీలదీ కొంచెం అటూ ఇటుగా ఇదే వరస. కంపెనీ వార్తలంటే ఎవరు ఏ మెట్టెక్కారు, ఎవరు ఏ దేశం తిరిగొచ్చారు, వచ్చే సభ ఎక్కడ, కొత్త ఉత్పత్తి ఏమిటి. నిన్న చేరినవాళ్ళూ నేడు ఎదిగినవాళ్ళూ ఈ పేజీల్లో కనిపిస్తారు. మానేసినవాళ్ళు మాత్రం ఎక్కడా కనిపించరు. ఏ ఇంటి పత్రికైనా శుభవార్తలే వేసుకుంటుంది, అందులో వింతేముంది అనిపించవచ్చు. కానీ ఇక్కడ ఆ ఖాళీ సంపాదకుడి మొహమాటం వల్ల వచ్చింది కాదు. వ్యాపారం నిలబడేదే దాని మీద. ఈ వ్యాపారాన్ని మోసేది చేరేవాళ్ళ ఉత్సాహం ఎంతో, వెళ్ళిపోయేవాళ్ళ మౌనమూ అంతే.

ఈ మాటను హైదరాబాద్ పడమటి అంచున నార్సింగి దగ్గర నిలబడి ఆలోచిస్తే బాగా బోధపడుతుంది. గండిపేట చెరువుకు దిగువన, మూసీ పక్కన ఉన్న ఈ ఊరు 2018లో మున్సిపాలిటీ అయింది. 2023 జూలైలో ఇక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే దారి తెరిచారు. ఆ మరుసటి నెలలో పక్కనే కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100.75 కోట్ల రూపాయలకు వేలంలో పోయింది. ఆ ధరకు తగ్గట్టే టవర్లు లేచాయి. వాటిలో ఉండేవాళ్ళు గుంటూరు నుంచీ, కరీంనగర్ నుంచీ, కడప నుంచీ, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళు. పదిహేనో అంతస్తులో ఇల్లుంది, ఇంటి మీద ఈఎంఐ ఉంది, పక్కింటివాళ్ళ పేరు మాత్రం తెలియదు. ఊళ్ళో పిండి జల్లెడ అడగడానికి వెళ్ళినా అరగంట కబుర్లు నడిచేవి. ఇక్కడ తలుపు తట్టడానికి ఒక కారణం కావాలి. డైరెక్ట్ సెల్లింగ్ ఆ కారణాన్ని చేతికిస్తుంది. 'ఒక చిన్న బిజినెస్ ఐడియా ఉంది, ఆదివారం కాఫీకి రండి' అనే పిలుపులో సబ్బులూ ప్రోటీన్ పొడీ తర్వాతి మాట. ముందుగా అందేది, ఒకరు మనల్ని ఇంటికి పిలిచారన్న సంగతి. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం డైరెక్ట్ సెల్లర్ గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అడగకుండా వినియోగదారుడి ఇంటికి వెళ్ళకూడదు. గేటు దగ్గర సెక్యూరిటీ యాప్ కూడా ముక్కూ మొహం తెలియని సేల్స్‌మన్‌ను ఆపేస్తుంది. లిఫ్టులో పక్కన నిలబడ్డ పై ఫ్లాటు వదినగారిని ఆపే యాప్ మాత్రం ఇంకా రాలేదు.

కాబట్టి ఈ సంఘజీవనాన్ని వెటకారం చేయడం సులువే గానీ న్యాయం కాదు. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన ఇంజనీరు, అత్తగారింట్లో పదేళ్ళుగా ఒక్క మెచ్చుకోలు మాట వినని గృహిణి, ఈ సభల్లో తొలిసారి మైకు పట్టుకుంటారు. రెండొందల మంది చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నిజమైనవే. ఈ కిటుకును బాగా పట్టుకున్న తొలితరం వాళ్ళలో ఒకరు అమెరికాలో బ్రౌనీ వైజ్ అనే మహిళ. 1950లలో టప్పర్‌వేర్ డబ్బాలను దుకాణాల్లో కాక ఇళ్ళలో పార్టీలు పెట్టి అమ్మించింది. అమ్మినవాళ్ళకు సభల్లో కానుకలు పంచింది. ఇంటి బయట ఉద్యోగం చేసే వీలు అంతగా లేని ఆడవాళ్ళకు అది ఒక లోకాన్ని తెరిచింది. 1958లో కంపెనీ ఆమెను బయటికి పంపేసింది. ఆ కథ ఎందుకో కంపెనీ వేడుకల్లో అంత వినపడదు. ఏతావాతా ఆత్మవిశ్వాసం, స్నేహం, గుర్తింపు ఇక్కడ నిజంగానే దొరుకుతాయి. అవి ఎవరి డబ్బుతో దొరుకుతున్నాయన్నదే ప్రశ్న.

లెక్క చూద్దాం. ఇది విమర్శకుల లెక్క కాదు, పరిశ్రమ తానే చెప్పుకున్నది. ఇండియన్ డైరెక్ట్ సెల్లింగ్ అసోసియేషన్ నివేదిక ప్రకారం 2023-24లో దేశంలో ఈ రంగం మొత్తం అమ్మకాలు 22,142 కోట్ల రూపాయలు. క్రియాశీలంగా ఉన్న విక్రేతలు 88 లక్షల మంది. పత్రికల్లో ఈ రెండు అంకెలూ పక్కపక్కనే గర్వంగా అచ్చయ్యాయి, ఒకదానితో ఇంకొకదాన్ని భాగించినవాళ్ళు తక్కువ. భాగిస్తే మనిషికి ఏడాదికి సుమారు 25,160 రూపాయల అమ్మకం, అంటే నెలకు 2,100 రూపాయలు. ఇది లాభం కాదు, ఆదాయమూ కాదు, చేతులు మారిన సరుకు విలువ. అందులో విక్రేతలకు దక్కే వాటా ఎంత? ఆమ్వే 2002-03 నుంచి 2021-22 దాకా 27,562 కోట్లు వసూలు చేసి, అందులో 7,588 కోట్లు కమీషన్లుగా పంచిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) 2022లో ప్రకటించింది. అంటే నూటికి ఇరవై ఏడున్నర. ఆ నిష్పత్తినే మొత్తం రంగానికి వర్తింపజేసి చూస్తే సగటు విక్రేత చేతికి నెలకు వచ్చేది 600 రూపాయల లోపు. పైగా ఇది సగటు మాత్రమే. డైమండ్ దంపతుల లక్షలు కూడా ఈ సగటులోనే కలిసి ఉన్నాయి. వాళ్ళను పక్కన పెడితే కింద మిగిలేది ఎంతో ఊహించడానికి గణితం అక్కర్లేదు. నార్సింగి నుంచి శంషాబాద్ దాకా సభకు కారులో పోయి వచ్చే పెట్రోలు ఖర్చు ఆ 600 లోంచే తీయాలి.

దీనికి పరిశ్రమ దగ్గర ఒక జవాబుంది, అది తేలికగా కొట్టిపారేసేది కాదు. 'ఆ 88 లక్షల మందిలో చాలామంది వ్యాపారం కోసం చేరలేదు, తమ ఇంటికి కావలసిన సరుకు తగ్గింపు ధరకు కొనుక్కోవడానికి చేరారు. వాళ్ళను విక్రేతలుగా లెక్కేసి సగటు తీయడం తప్పు' అంటారు. సరే, ఒప్పుకుందాం. అయితే ప్రభుత్వాలకూ పత్రికలకూ అంతమందికి స్వయం ఉపాధి కల్పించామని చెప్పేటప్పుడు అదే 88 లక్షలను ఎందుకు వాడుతున్నారు? ఉపాధి గురించి మాట్లాడేటప్పుడు విక్రేతలు, ఆదాయం గురించి అడిగినప్పుడు కొనుగోలుదారులు. ఒకే మనిషికి రెండు టోపీలు. అమెరికాలోనూ తీరు ఇదే. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 70 కంపెనీల ఆదాయ ప్రకటనలను పరిశీలించి 2024 సెప్టెంబరులో ఒక నివేదిక ఇచ్చారు. అత్యధికుల సంపాదన ఏడాదికి వెయ్యి డాలర్లు, అంతకన్నా తక్కువ. చాలా ప్రకటనల్లో కొద్దిమంది పెద్ద ఆదాయాలు ముందు కనపడేలా ఉన్నాయి. అసలేమీ సంపాదించని వాళ్ళను లెక్కలోంచి తీసేశారు, సభ్యులు పెట్టిన ఖర్చులను చూపలేదు.

ఇక రెండో అభ్యంతరం. ఇది నిజంగా తెలివైనది. గొలుసుకట్టు వ్యాపారాన్ని విమర్శించేవాళ్ళు తరచూ ఒక గుణకారం చెబుతారు. ఒకడు ఆరుగురిని, ఆ ఆరుగురూ తలా ఆరుగురిని చేర్చుకుంటూ పోతే పదో వరసకు ఆరు కోట్లు దాటుతుంది. 2011 జనగణన నాటికి తెలంగాణ జనాభాయే మూడున్నర కోట్లు. కాబట్టి ఇది కూలిపోక తప్పదంటారు. దానికి అప్‌లైన్లు, అంటే గొలుసులో పై వరసవాళ్ళు, నవ్వి, 'ఆమ్వే పుట్టింది 1959లో. ఇన్నేళ్ళలో కూలిందా? భారతదేశంలో వ్యాపారం మొదలుపెట్టింది 1998లో. ఇక్కడ మాత్రం మనుషులు అయిపోయారా?' అంటారు. వాళ్ళ మాట నిజం. అయిపోలేదు. ఎందుకు అయిపోలేదన్నదే అసలు సంగతి. తూము తెరిచి ఉన్న చెరువు నిండి పొర్లదు. పైనుంచి ఎంత నీరు వచ్చినా కిందనుంచి అంతా పోతూ ఉంటుంది. మనుషులు మానేస్తూ ఉంటారు కాబట్టి మార్కెట్ నిండదు. నిండదు కాబట్టి ఎప్పుడూ కొత్తవాళ్ళకు చోటుంటుంది. పరిశ్రమ అంకెల్లో విక్రేతలు 2022-23లో 86 లక్షలు, మరుసటి ఏడాది 88 లక్షలు. రెండు లక్షలు పెరిగారని చదువుకుంటాం. పది లక్షల మంది చేరి ఎనిమిది లక్షల మంది వెళ్ళిపోయినా అదే రెండు లక్షలు. నలభై చేరి ముప్పై ఎనిమిది వెళ్ళినా అదే. ఈ రెండు పరిస్థితులకూ మధ్య ఉన్న తేడా ముప్పై లక్షల కుటుంబాలు, ఆ తేడాయే అంకెలో కనపడదు.

సైబరాబాద్‌కు ఈ తేడా పోలీసు కేసుల రూపంలో తెలుసు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే నేరమని తేలినవీ, విచారణలో ఉన్నవీ, చట్టబద్ధంగా నడుస్తున్నవీ ఒకే గాటన కట్టకూడదు. 2018 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు హరియాణాలోని హిసార్ కేంద్రంగా ఉన్న ఫ్యూచర్ మేకర్ లైఫ్ కేర్ అధిపతిని అరెస్టు చేశారు. అందులో సభ్యత్వానికి 7,500 రూపాయలు కట్టాలి. 2019 మార్చిలో నోయిడాకు చెందిన ఈబిజ్ నిర్వాహకుల వంతు. అక్కడ చేరిక 16,821 రూపాయలు, గురి ఎక్కువగా కాలేజీ విద్యార్థుల మీద. అదే ఏడాది ఆగస్టులో అప్పటి కమిషనర్ సజ్జనార్ క్యూనెట్ అనే కంపెనీ కేసుల్లో డెబ్బై మందిని అరెస్టు చేసినట్టు ప్రకటించారు. భారత్‌లో దాని తరఫున పనిచేసే విహాన్ సంస్థ తమది సక్రమమైన డైరెక్ట్ సెల్లింగేనని వాదిస్తూ వచ్చింది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళు గొలుసుకట్టు పనిలో చేరి, దానికోసం లక్షల్లో కట్టారన్న సంగతి వాళ్ళు పోయాకే బయటపడింది. ఆమ్వే వ్యవహారం ఇంకా పాతది. 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం కిందికి దాని పథకం ప్రాథమికంగా వస్తుందని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లోనే చెప్పింది. 2014 మేలో కంపెనీ భారత విభాగం అధిపతి విలియం స్కాట్ పింక్నీని కర్నూలు పోలీసులు అరెస్టు చేశారు. 2022 ఏప్రిల్‌లో ఈడీ 757 కోట్లకు పైగా ఆస్తులను జప్తు చేసింది. ఇది 2011 నాటి దర్యాప్తుకు సంబంధించినదనీ, తాము సహకరిస్తున్నామనీ కంపెనీ అంటుంది. ఆ కేసు తీర్పు సంగతి కోర్టులకు వదిలేద్దాం. ఇక్కడి వాదనకు ఆ తీర్పు అక్కర్లేదు. సంస్థ చట్టబద్ధమైనదే అయినా మనం వేసే ప్రశ్న అలాగే ఉంటుంది.

'అవన్నీ పాత రోజులు, ఇప్పుడు చట్టం వచ్చింది' అనేది మూడో మాట. నిజమే. వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నిబంధనలు 2021 డిసెంబరు 28న వచ్చాయి. చేరడానికి రుసుము తీసుకోకూడదు. కేవలం మనుషులను చేర్చినందుకు డబ్బు పంచే పిరమిడ్ పథకం నడపకూడదు. ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. ఇవన్నీ మంచివే. ఇవి వచ్చాక 16,821 కట్టి చేరమనే రకాన్ని పట్టుకోవడం తేలికైంది. కానీ ఈ నిబంధనలు గుమ్మం దగ్గర కాపలా కాస్తాయి. గుమ్మం దాటాక జరిగేది వేరు. నెలాఖరులో హోదా నిలబెట్టుకోవడానికి కావలసిన పాయింట్లు తక్కువపడితే, ఇంట్లో ఇప్పటికే నాలుగు డబ్బాలున్నా ఐదో డబ్బా కొంటారు. బలవంతమేమీ లేదు. రసీదు ఉంటుంది, జీఎస్టీ ఉంటుంది. చట్టం దృష్టిలో అది ఒక వినియోగదారుడు ఇష్టపడి చేసిన కొనుగోలు. ఆ ఇష్టాన్ని పుట్టించింది ఎవరు? ఆదివారం సభలో వేదిక మీదికి పిలుస్తారన్న ఆశ, పిలవకపోతే అందరూ ఏమనుకుంటారోనన్న బెంగ. చేరడానికి రుసుము లేదు గానీ, సంఘంలో కొనసాగడానికి ఉంది. అది ప్రోటీన్ పొడి ధరలో కలిసిపోయి ఉంటుంది.

ఇక్కడ మన చిట్టీ గుర్తుకు రాక మానదు. ఇరుగుపొరుగు నమ్మకం మీద డబ్బు తిప్పుకోవడం తెలుగువాళ్ళకు కొత్తా? ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకోసారి పాట. అదీ పరిచయాల మీదే నడుస్తుంది, అదీ మొహమాటంతోనే మొదలవుతుంది. చిట్టీలు మునగలేదా అంటే మునిగాయి, పారిపోయిన వాళ్ళ కథ ప్రతి వీధికీ ఒకటుంది. అయినా దాని కట్టడంలోనే ఒక నిజాయితీ ఉంది. చిట్టీకి ఇరవై ఒకటో మనిషి అక్కర్లేదు. ఇరవై నెలలు గడిస్తే అది ముగుస్తుంది, ముగిసిన రోజున ఎవరికెంత వచ్చిందో అందరికీ తెలుసు. నడిపేవాడి కమీషన్‌కు కూడా హద్దుంది. 1982 చట్టంలో నూటికి ఐదు, 2019 సవరణ తర్వాత ఏడు. మధ్యలో ఒకరు మానేస్తే అది మిగతా పంతొమ్మిది మందికీ సమస్య, దాచడం కుదరదు. పొదుపు సంఘంలోనూ అంతే. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నది పుస్తకంలో ఉంటుంది. గొలుసులో మాత్రం మానేసినవాడు ఎవరికీ సమస్య కాదు. కొత్తవాడొచ్చి ఆ చోట కూర్చుంటాడు.

'ఏ కంపెనీ చూసినా పిరమిడే కదా? పైన ఒక సీఈఓ, కింద వేలమంది ఉద్యోగులు' అనే మాట సభల్లో బాగా పేలుతుంది. ముఖ్యంగా ఐటీ వాళ్ళ దగ్గర, మేనేజర్ మీద కోపంతో ఉన్న రోజున. కానీ ఆ ఐటీ కంపెనీ కింది మెట్టు మీది కుర్రవాడికి ఒకటో తారీఖున జీతం వేస్తుంది. వాడు ఇంకో ఇద్దరిని తెచ్చేదాకా ఆగమనదు. అంతకన్నా ముఖ్యం, అది తనను వదిలి వెళ్ళినవాళ్ళను లెక్కపెడుతుంది. ఇన్ఫోసిస్‌లో ఉద్యోగులు మానేసే రేటు (అట్రిషన్) 2022 జూన్‌తో ముగిసిన త్రైమాసికానికి 28.4 శాతం. టీసీఎస్‌లో అదే ఏడాది సెప్టెంబరు త్రైమాసికంలో 21.5 శాతం. ఆ అంకెలు కంపెనీలకు తలవంపులే. అయినా మూడు నెలలకోసారి లాభాల పక్కన వాటినీ అచ్చువేశాయి, టీవీల్లో చర్చ జరిగింది, షేరు ధర అటూ ఇటూ కదిలింది. అట్రిషన్ అనే మాట నార్సింగిలో వంటింటి మాట. ఆ మాటే అదే మనుషులు నడిపే ఆదివారం సభలో ఒక్కసారి కూడా వినపడదు.

ఎందుకు వినపడదో కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఉద్యోగం మానేసినవాడు కంపెనీని తిట్టగలడు. గొలుసులో ఒకరి కింద డౌన్‌లైన్‌గా ఉండి మానేసిన ఆమె ఎవరిని తిడుతుంది? చేర్పించింది తోడికోడలు. తను చేర్పించింది ఆడపడుచును. నోరు విప్పితే ఒకరి మీద ఫిర్యాదు, ఇంకొకరికి సంజాయిషీ. పైగా సభల్లో నేర్పిన పాఠం ఒకటి అప్పటికే మనసులో కూర్చుని ఉంటుంది. గెలిచేవాళ్ళు వదలరు, వదిలేవాళ్ళు గెలవరు అన్నది ఆ పాఠం. దాంతో నష్టం లెక్క కాస్తా శీలం లెక్క అవుతుంది. డబ్బు పోయిందని కాక, 'నాకు చేతకాలేదు' అనుకుంటుంది. మిగిలిన డబ్బాలు అటక మీదికి పోతాయి. వాట్సాప్ గ్రూపులోంచి చడీచప్పుడు లేకుండా బయటికొస్తుంది. చేరిన రోజున పూలగుచ్ఛం ఎమోజీలు యాభై వచ్చిన గ్రూపులో, వెళ్ళిన రోజున సన్నటి బూడిదరంగు అక్షరాల్లో ఒక వరస మాత్రం కనపడుతుంది. అదీ కొత్త మెసేజీల కింద పడి పోతుంది. బంధుత్వం, ఇరుగుపొరుగు అనే రెండు పెట్టుబడులతో మొదలైన వ్యాపారం, నష్టాన్ని కూడా ఆ రెంటి ఖాతాలోనే రాస్తుంది. కంపెనీ పుస్తకాల్లో దానికి పద్దు లేదు.

కాబట్టి అడగాల్సింది నిషేధం కాదు. సబ్బు మంచిదా కాదా అన్న చర్చ కూడా కాదు, చాలా సబ్బులు మంచివే. అడగాల్సింది రెండు అంకెలు. పోయిన ఏడాది చేరినవాళ్ళలో ఈ ఏడాది ఎంతమంది మిగిలారు? ఖర్చులు పోను, వరసలో సరిగ్గా మధ్యన నిలబడ్డ సభ్యుడికి మిగిలిందెంత? ఈ లెక్కలు తీయడం కష్టమని ఏ కంపెనీ అయినా అంటే నమ్మలేం. ఎవరి కింద ఎవరు, ఎవరికి ఎన్ని పాయింట్లు, ఎవరు ఏ తారీఖున ఏమి కొన్నారు అన్నవి వాళ్ళ సర్వర్లలో పైసల్తో సహా ఉంటాయి. కమీషన్ లెక్కకట్టేది వాటితోనే. వచ్చే సంచికలో డైమండ్ దంపతుల ఫొటో కింద ఈ రెండు అంకెలకూ ఒక వరస చోటు చాలు. అచ్చు వేసేదాకా, క్లబ్‌హౌస్‌లో ప్లాన్ చూపించడానికి బోర్డు నిలబెట్టిన పై ఫ్లాటు టెక్ లీడ్‌ను, ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్ళను అడిగినంత మామూలుగా, అడగవచ్చు: 'మీ దాంట్లో అట్రిషన్ ఎంతండీ?'